వంగిన నడుము, పొడవైన సెలవు

ఈ ప్రసంగమును వినుచున్న శ్రోతలలో పెక్కుమంది ఈ సమయమున కుర్చీలోనో, మంచము మీదనో సుఖముగా కూర్చుండి యుందురు. వారిని మేమొక చిన్న పని కోరుచున్నాము. లేచి నిలువబడి, మోకాళ్ళు వంచక, చేతివ్రేళ్ళు నేలకు చేరువగునంత వరకు నడుము వంచి, తరువాతి రెండు నిమిషముల ప్రసంగమును ఆ తీరుననే వినవలయును. నడుము నొప్పి గలవారును, వృద్ధులును దీనికి పూనుకొనరాదు. ఈ పరీక్షను ముందు మేమే చేసి చూచుకొంటిమి. ఒక నిమిషమునకు కొంచెము పైగా ఓర్చుకొని, తరువాత గోడ పట్టుకొని లేచితిమి.

మన పొలములలో వరినాట్లు వేయు స్త్రీలు ఈ భంగిమలోనే పూటలకు పూటలు గడుపుదురు. ఎడమచేత నారుకట్ట, కుడిచేత నాటు, ఒక్కొక్క అడుగు వెనుకకు. గోదావరి, కృష్ణా డెల్టాలలో ఊడ్పులందురు, తెలంగాణమున నాట్లందురు, పని యొక్కటే. చాలచోట్ల ఎకరమునకు ఇంతయని గుత్తకు ఒప్పుకొందురు గావున, ఒకతె నడుమెత్తి నిలిచినచో వరుస యంతయు వెనుకబడును. తోడివారికి భారమగుట ఇష్టము లేక ఆమెయు నడుమెత్తదు. ఆమె చేతిలోని నారుకట్ట బరువు చెప్పుకొనదగినది కాదు. శ్రమ బరువులో లేదు, భంగిమలో నున్నది. నేటి మా విషయము ఈ భంగిమయు, దాని వెంట వచ్చు దీర్ఘమైన అనారోగ్యపు సెలవును. సెలవనగా జలుబు చేసి రెండు దినములు మానుట కాదు. వారములు, నెలలు పనికి పోలేకపోవుట.

బరువు సంగతి చట్టములు చాలకాలము నుండి ఎరుగును. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో మనుష్యులు మోయు బరువులను గూర్చి ఒక ఒడంబడికను ఆమోదించి, దానితో కూడ వెలువరించిన సిఫారసులో వయోజనుడైన పురుషుడు మోయదగిన బరువునకు 55 కిలోల హద్దు చూపెను. బస్తాను కాటా మీద పెట్టి తూచవచ్చును. వంగుటను ఏ కాటా మీద పెట్టవలెను?

అట్టి కాటా నొకదానిని 1970 దశకమున ఫిన్లండు దేశపు ఓవాకో అను ఉక్కు సంస్థ తయారు చేయించినది. ఆ పద్ధతిలో నడుమునకు నాలుగు స్థితులు: నిటారుగా నుండుట, వంగుట, మెలితిరుగుట, వంగి మెలితిరుగుట. చేతులకు మూడు, కాళ్ళకు ఏడు. పరిశీలకుడు నిర్ణీత వ్యవధి కొకసారి పనివాని వైపు చూచి, ఆ క్షణమున అతడున్న తీరును అంకెలలో గుర్తు పెట్టుకొనును. కొన్ని గంటల పిమ్మట ఆ గుర్తులను కూడినచో పనివాడు తన కాలములో ఎంత భాగమును ఏ భంగిమలో గడపెనో తేలును. చూచుటకు పిల్లల యాట వలె నుండును గాని, అంతకు పూర్వము "కష్టమైన పని" అను ఒక్క మాటతో సరిపెట్టిన దానికి ఇప్పుడొక లెక్క వచ్చినది. ఇటీవలి కాలమున అగ్గిపెట్టె కంటె చిన్న పరికరమును తొడకును, వీపునకును అంటించి, దినమునందు వంగిన నిమిషములను దానిచేతనే లెక్కింపజేయుచున్నారు.

భంగిమకు లెక్క కుదిరినది. ఇక సెలవునకు లెక్క కావలెను. అది డెన్మార్కులో దొరకినది. అచ్చట జబ్బుపడిన ఉద్యోగికి వారముల తరబడి భత్యము ముట్టును. ఆ చెల్లింపులు ప్రభుత్వపు పట్టికల కెక్కును. 2000 సంవత్సరమున పరిశోధకులు 5,357 మంది ఉద్యోగులను ప్రశ్నించిరి. మీ పనిలో మెడను గాని నడుమును గాని మిక్కిలి వంచవలసి యుండునా, మెలిత్రిప్పవలసి యుండునా? అధికకాలము నిలువబడియో, గొంతుకూర్చుండియో పనిచేయుదురా? బరువులెత్తుదురా? త్రోయుదురా, లాగుదురా? పిమ్మట 18 నెలల కాలములో వారిలో ఎవరెవరు ఎనిమిది వారములకు మించిన సెలవు పెట్టిరో, వారిని మరల అడుగక, ఆ చెల్లింపు పట్టికల నుండియే తెలిసికొనిరి. అడిగినచో మనిషి మరచిపోవచ్చును, పెంచి చెప్పవచ్చును; డబ్బు చెల్లించిన పట్టిక మరువదు.

ఫలితములు 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నలునందు ప్రకటితమైనవి. మెడను, నడుమును మితిమీరి వంచి మెలిత్రిప్పువారు, ఎక్కువగా నిలువబడియో గొంతుకూర్చుండియో పనిచేయువారు, బరువులెత్తి మోయువారు, త్రోసి లాగువారు, స్త్రీలైనను పురుషులైనను, దీర్ఘ సెలవులో పడుట తక్కినవారి కంటె అధికముగా కనబడినది. అంతకంటె గమనింపదగిన దింకొకటి కలదు. ఈ కష్టములలో కొన్ని జంటగా కూడినచో వాని ఫలితము విడివిడిగా ఎంచి కూడిన దానితో సరిపోలేదు. వంగుట యొకటి, ఎత్తుట యొకటి. వంగి ఎత్తుట మూడవ పని యన్నమాట. ఇంటిలో బిందె నెత్తు గృహిణికి ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు.

శరీరములో జరుగునదేమి? వెన్నుపూసల నడుమ మెత్తని బిళ్ళలు కలవు. వానిని వైద్యులు డిస్కులందురు. నేడు ఆ మాట మన యిండ్లలోనికిని వచ్చినది. పెరిగిన మనిషి డిస్కు నడిమి భాగమునకు రక్తనాళములు లేవు. ఒత్తిడి పడినపుడు దానిలోని నీరు కొంత వెలుపలికి పోవును, తగ్గినపుడు మరల లోనికి వచ్చును; చుట్టునున్న కణజాలము నుండి ఆహారము మెల్లమెల్లగా లోనికి ఊరును. కదలిక, విశ్రాంతి వంతులవారీగా లభించిన కాలము ఈ యేర్పాటు చక్కగా సాగును. జర్మనీలోని ఉల్మ్ నగరమున 1990 దశకపు చివర ఒక ఆరోగ్యవంతుని నడుములోని డిస్కునందు సన్నని పీడనమాపకము నిలిపి, అతనిచేత నానావిధములైన పనులు చేయించి చూచిరి. 1999లో ప్రకటించిన ఆ కొలతల ప్రకారము, పండుకొన్నపుడు డిస్కులోని పీడనము వాతావరణ పీడనమంత. నిలుచున్నపుడు దానికి సుమారు 5 రెట్లు. ముందునకు వంగినపుడు సుమారు 11 రెట్లు. నడుము వంచి 20 కిలోల బరువెత్తినపుడు సుమారు 23 రెట్లు. చేతిలో ఏమియు లేకున్నను వంగుట మాత్రము చేతనే పీడనము రెట్టింపునకు మించిపోయినది. కొలిచినది ఒక్క మనిషిని. అయినను 1960 దశకమున స్వీడనులో నాకెమ్సన్ అను వైద్యుడు చేసిన పూర్వపు కొలతలతో ఈ విషయమున పెద్ద విరోధము లేదు.

ఇంకొక వింత. మనిషి పూర్తిగా వంగినపుడు వీపు కండరములు ఎక్కువగా శ్రమించునని తలతుము. విద్యుత్ మాపకములతో చూడగా అవి ఆ స్థితిలో దాదాపు మౌనము వహించును! బరువంతయు పూసలను కట్టియుంచు స్నాయుబంధముల మీద వ్రేలాడును. అవి రబ్బరు వలె మెల్లగా సాగును. లేచిన వెంటనే యథాస్థితికి రావు. చాలసేపు వంగి పనిచేసిన స్త్రీ గట్టుపై నిలిచి రెండు చేతులు నడుమున కానించుకొని క్షణకాలము వెనుకకు వాలుట మనము చూచియే యుందుము. అది బద్ధకము కాదు. ఆ క్షణమున వెంటనే ఒక మూట నామె నెత్తి కెత్తుట మంచిది కాదు.

ఇంతమాత్రము చేత, వంగినవారి డిస్కు లరుగును, అరిగినవారికి నొప్పి కలుగును, నొప్పి కలిగినవారు సెలవు పెట్టుదురు అని సూటిగా గీత గీచుట తప్పు. 1995లో ఫిన్లండులోని కవల సోదరులను పరీక్షించి ప్రకటించిన వివరములలో, డిస్కుల అరుగుదలకు జీవితమంతయు మోసిన బరువుల కంటె వంశపారంపర్యమే పెద్ద కారణముగా కనబడినది. నొప్పి యేమియు లేనివారి పటములలో గూడ అరిగిన డిస్కులు విరివిగా కనబడును. మనసులోని దిగులు, పైవాని కాఠిన్యము, పనిపై తన కేమాత్రము స్వాతంత్ర్యము లేకపోవుట, ఇవియు సెలవును పొడిగించును.

అట్లయినచో భంగిమ పాత్ర యేమి? ఒకే నొప్పిని ఇద్దరికి పంచి చూడుడు. ఒకడు కార్యాలయములో గుమాస్తా, రెండవవాడు నేలకు బండలు పరచు తాపీ మేస్త్రి. నడుములో ఒకే చోట, ఒకే తీవ్రత గల నొప్పి. గుమాస్తా కుర్చీలో దిండు పెట్టుకొనును, గంట కొకసారి లేచి కాఫీకి పోవును, సాయంకాలమునకు ఇల్లు చేరును. సెలవు చీటి వ్రాయనక్కరలేదు. మేస్త్రి గొంతుకూర్చుండియో, మోకాళ్ళపై నానియో, ముందునకు వంగి బండను సరిచేయవలెను. ఆ నొప్పితో అతడు ఆ పని చేయజాలడు. జబ్బు ఒక్కటే, అశక్తత ఒకని కున్నది, రెండవవానికి లేదు. కష్టమైన భంగిమ నొప్పిని పుట్టించినను పుట్టింపకున్నను, పుట్టిన నొప్పిని అశక్తతగా మార్చు శక్తి దానికి నిశ్చయముగా నున్నది. కావున దీర్ఘ సెలవును గూర్చి యోచించువారు రోగి నడుమును మాత్రమే పరీక్షించి ఊరకుండరాదు; అతడు మరల పోయి నిలువవలసిన చోటును గూడ చూడవలెను. ఇటలీ వైద్యుడు రమజ్జినీ 1700లో వృత్తి రోగములపై గ్రంథము ప్రకటించుచు, వైద్యుడు రోగిని అడుగు ప్రశ్నలలో "నీ వృత్తి యేమి?" అను నొకటి చేర్చవలెనని కోరెను. మూడు వందల యేండ్లు గడచినను ఆ ప్రశ్న అడుగని మందుచీటీలు నేడును మన చేతికి వచ్చుచునే యున్నవి.

విశ్రాంతి సంగతియు ఇచ్చట చెప్పవలెను. నడుము పట్టినచో వారముల తరబడి మంచము దిగరాదని పూర్వము వైద్యులే చెప్పుచుండిరి. 1986లో అమెరికాలో 203 మంది రోగులపై జరిపిన పరీక్షలో రెండు దినములు పరుండుమని చెప్పబడినవారు, ఏడు దినములు పరుండుమని చెప్పబడినవారి కంటె 45 శాతము తక్కువ పనిదినములను పోగొట్టుకొనిరి. తక్కిన విషయములలో భేదము కనబడలేదు. 1995లో హెల్సింకీ నగర ఉద్యోగులపై జరిపిన పరీక్షలో, మంచమెక్కక ఓపినంతవరకు మామూలుగా తిరుగాడినవారే త్వరగా కోలుకొనిరి. కాళ్ళలో తిమ్మిరి, బలహీనత, మూత్రము పట్టుతప్పుట వంటి లక్షణములున్నచో మాత్రము ఆలస్యము చేయక వైద్యునొద్దకు పోవలెను. తక్కినవారికి నెమ్మదిగా తిరుగుటయే మందు. అయితే నెమ్మదిగా తిరుగుటకు తగిన పని ఎవరిత్తురు? "పూర్తిగా నయమైన పిమ్మట రమ్ము, అంతవరకు వలదు" అను యజమాని, తెలియకయే సెలవును పొడిగించుచున్నాడు. సెలవు పొడవగు కొలది తిరిగి వచ్చుట కష్టతరమగునని అన్ని దేశముల అనుభవము.

చోటును మార్చుట అను మాటకు మాకు తెలిసిన గొప్ప దృష్టాంతము ఒక పార పిడి. అమెరికాలోని కాలిఫోర్నియాలో లెట్యూస్ అను ఆకుకూర మళ్ళలోను, బీటు చేలలోను ఒత్తు మొక్కలను తీసివేయుటకు కూలీలకు చిన్న పార లిచ్చుచుండిరి. పిడి పొడవు రెండడుగులకు లోపు. దానితో పనిచేయవలెనన్న నేలకు సగమునకు సగము వంగక తప్పదు. మెక్సికో నుండి వచ్చిన కూలీలు దానికి "ఎల్ కోర్తీతో", అనగా పొట్టిది, అని పేరు పెట్టిరి. పొడవు పిడితో మొక్క సరిగా కనబడదు, పంట పాడగునని భూస్వాముల వాదము. ఇంకొక కారణమును కూలీలు చెప్పుచుండిరి: పొట్టి పిడి యున్నచో, ఎవడు నడుమెత్తెనో మేస్త్రికి దూరము నుండియే తెలియును. కూలీల నాయకుడైన సీజర్ చావెజ్ గూడ యౌవనమున ఆ పార పట్టినవాడే. నడుము నొప్పి ఆయనను జీవితమంతయు బాధించినది. 1972లో కూలీల పక్షమున న్యాయవాదులు ఆ పారను నిషేధింపుమని కోరిరి. భద్రతా మండలి నిరాకరించినది. పనిముట్టు దానంతటది విరిగిపోవునది గాని, కోసికొనునది గాని అయిననే ప్రమాదకరమని వారి భాష్యము. 1975 జనవరిలో కాలిఫోర్నియా సర్వోన్నత న్యాయస్థానము ఆ భాష్యమును త్రోసివేసి, వాడుక వలన దేహమునకు హాని కలిగించు పనిముట్టు గూడ ప్రమాదకరమేయని తీర్పు చెప్పినది. ఆ సంవత్సరమే పొట్టి పార పోయినది. పొడవు పిడితో పంట పాడుకాలేదు. ఆపైన కొన్నిచోట్ల పారయే ఈయక చేతితో కలుపు తీయించుట మొదలైనది. దానికి హద్దులు పెట్టు నిబంధన 2004లో గాని రాలేదు.

ఇక మన దేశము మాట. 1948 చట్టముతో ఏర్పడిన కార్మిక రాజ్య బీమా పథకమున, జబ్బుపడిన కార్మికునికి సంవత్సరములో 91 దినముల వరకు కూలిలో 70 శాతము భత్యముగా లభించును. దీర్ఘ వ్యాధుల జాబితా వేరుగా నున్నది. డిస్కు జారుటయు అందు చేరియున్నది. అట్టివారికి షరతులకు లోబడి రెండేండ్ల వరకు 80 శాతము లభించును. ఇది మంచి యేర్పాటు. కాని ఇది ముఖ్యముగా కర్మాగారములు, దుకాణములు మున్నగు సంస్థలలో నమోదైన జీతగాండ్రకు. వరిమడిలోని కూలిగాని, ఇంటి మగ్గము పై నేయువాడుగాని ఈ పట్టికలో లేరు. డెన్మార్కు పరిశోధకులు చూచినట్లు మన మొక పట్టిక తెరచి, నాట్లు వేయు స్త్రీల దీర్ఘ సెలవుల నెంచబోయినచో, అందు సున్న వచ్చును. ఆ సున్నను ఆరోగ్యమని చదువరాదు.

మా యింట గదికి బండలు పరచుటకు ఒక మేస్త్రి వచ్చెను. ఏబది యేండ్లు దాటినవాడు. లేచునపుడెల్ల ఒక చేయి గోడకు, ఒక చేయి మోకాలికి. మాటల మధ్య, ఎప్పుడైన జబ్బుచేసి సెలవు పెట్టితివా యని అడిగితిమి. "నడుం పడిపోయి ఆరు నెలలు ఇంట్లో ఉన్నానండి. సెలవంటే జీతం వచ్చేదండి. నాది సెలవు కాదండి, పస్తు" అని, నవ్వి, రసమట్టము చూచుకొనెను. ఆ యారు నెలలు అతని పెద్ద కుమారుడు చదువు మాని తాపీ పట్టెనట. తరువాత మరల బడికి పోలేదు. ఏ దేశపు పట్టికలోను ఈ ఖర్చు వ్రాసికొనుటకు గడి లేదు.

భంగిమను మార్చు సాధనములు మనకును రాకపోలేదు. వరుసలలో నాటిన వరికి నిలుచుండి త్రోయు కలుపుయంత్రము వచ్చినది. నాట్లకును యంత్రములు వచ్చినవి. కాని యంత్రము వంగుటను తొలగించుచు, కొన్నిచోట్ల వంగినందుకు వచ్చు కూలిని గూడ తీసికొనిపోవుచున్నది. ఈ చిక్కును మేము తేలికగా త్రోసివేయజాలము. నడుము మిగిలి కూలి పోయినచో ఆ యింట సంతోషింపరు. పనిచేయువారి చేతిలోనే యంత్రముండుట మేలనుటకు మన ప్రాంతమునందే ఒక నిదర్శనమున్నది.

పోచంపల్లి వైపు పట్టు చీరలకు రంగులద్దుటకు ముందు ఆసు పోయు పని యొకటి కలదు. ఒక మేకు నుండి, ఎదుట అర్ధచంద్రాకారముగా నాటిన మేకుల వరకు దారమును మరల మరల త్రిప్పవలెను. ఒక్క చీరకు చేయి దాదాపు 9,000 సారులు పోయిరావలెను. నాలుగైదు గంటల పని. బరువు దారమంత. ఇంటి స్త్రీలే దీనిని చేయుదురు; కాలక్రమమున భుజములు, మోచేతులు పట్టును. ఆలేరు ప్రాంతమునకు చెందిన చింతకింది మల్లేశము తన తల్లి లక్ష్మి పడు బాధను చూచి, బడి చదువు మధ్యలో మానినవాడయ్యును, ఏండ్ల తరబడి అప్పులతో, విఫలయత్నములతో కుస్తీ పట్టి, 1999లో ఆసు పోయు యంత్రమును పూర్తిచేసి దానికి తల్లి పేరు పెట్టెను. 2017లో ప్రభుత్వము పద్మశ్రీ యిచ్చినది. యంత్రముపై ఒక చీర పని సుమారు గంటన్నరలో ముగియును. యంత్రము ఇంటిలోనే యుండును, చీరయు ఇంటివారిదే. దాని యెదుట కూర్చున్న స్త్రీ దారము తెగకుండ చూచుచు, తెగినపుడు మాత్రము చేయి చాచి ముడివేయుచున్నది.